జర్మన్ సొంతంగా నేర్చుకోవాలంటే: ఏ యాప్, ఏ పుస్తకం, ఎక్కడ మనిషి కావాలి

జర్మనీ ఆలోచన మొదలైన ఇంట్లో ముందుగా ఫోన్లోకి చేరేది డుయోలింగో. వారం తిరక్కుండానే ఒకరు బాబెల్ మేలంటారు, ఇంకొకరు డాయిషె వెల్లె వాళ్ల కోర్సు ఉచితం కదా అంటారు. వాట్సాప్‌లో రెండు పుస్తకాల పీడీఎఫ్‌లు వచ్చి పడతాయి. అమీర్‌పేట కోచింగ్ ఫీజు ఎంతో కనుక్కునే పని ఎలాగూ మిగిలే ఉంటుంది. నెల గడిచాక చూసుకుంటే ఐదు చోట్ల మొదటి పాఠం పూర్తయి ఉంటుంది. "నా పేరు ఫలానా, మాది ఇండియా" అనడం ఐదుసార్లు నేర్చుకుని ఉంటారు. ఆరో వాక్యం మాత్రం రాదు.

ఇవన్నీ ఒకే పని చేస్తాయనుకుని పోల్చడం దగ్గరే చిక్కు. వీటిలో కొన్ని మొదటి పాఠం నుంచి చివరిదాకా వరుసగా నడిపించే కోర్సులు. మిగతావి పక్కన ఉండి మాటలు గుర్తుపెట్టించడానికో, తప్పులు దిద్దడానికో పనికొచ్చేవి. వరుసగా నడిపించేది ఒక్కటే పెట్టుకోవాలి. అలాంటివి రెండు పెట్టుకున్నవాళ్లు రెండింటిలోనూ సగంలో ఆగుతారు.

ముందు తేల్చుకోవాల్సినవి

*ఏ స్థాయి, ఎప్పటికి.* జర్మన్ పరీక్షలు ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు. జీవిత భాగస్వామి వీసా మీద వెళ్లేవాళ్లకు సాధారణంగా ఏ1 కావాలి (నైపుణ్య ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డ్ అనుమతి ఉన్నవారి భార్యకో భర్తకో ఈ షరతు లేదు). నర్సులకు గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 అడుగుతారు. ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ ఇచ్చే అనుమతి, 2024 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఛాన్సెన్‌కార్టెకు కనీసం ఏ1 జర్మన్ గానీ బీ2 ఇంగ్లిష్ గానీ ఉండాలి. ఆపైన కావలసిన 6 పాయింట్లలో ఏ2కు 1, బీ1కు 2, బీ2కు 3 పాయింట్లు జర్మన్ నుంచే వస్తాయి. ఇంగ్లిష్‌లో ఎంఎస్ చేసేవాళ్లను చాలా యూనివర్సిటీలు జర్మన్ అడగవు. అడిగేది అద్దె ఇల్లు చూపించే మనిషి, పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇచ్చే మనిషి.

జర్మన్ నేర్పి, పరీక్షలు పెట్టే గోథె సంస్థ లెక్కలో సున్నా నుంచి ఏ1కు 80 నుంచి 200 పాఠ్య గంటలు, బీ1కు 350 నుంచి 650, బీ2కు 600 నుంచి 800 పడతాయి. పాఠ్య గంట అంటే 45 నిమిషాలు. అంటే ఏ1కు మన గడియారంలో 60 నుంచి 150 గంటలు. ఇప్పుడు యాప్ మీద రోజుకు పది నిమిషాల లెక్క వేయండి: ఏడాదికి 61 గంటలు. ఒక్క రోజూ తప్పకుండా ఏడాది చేస్తే ఏ1 కింది గీత దగ్గరికి వస్తారు. యాప్ చూపించే 365 రోజుల మంట గుర్తుకూ పరీక్షలో వచ్చే మార్కుకూ సంబంధం లేకపోవడానికి కారణం ఇదే.

*గుర్తుపట్టడమా, పుట్టించడమా.* నాలుగు జవాబుల్లోంచి సరైనది నొక్కడం గుర్తుపట్టడం. ఖాళీ కాగితం మీద 30 మాటల ఉత్తరం రాయడం, ఎదుటి మనిషి అడిగితే మూడు సెకన్లలో జవాబివ్వడం పుట్టించడం. యాప్‌లలో ఎక్కువ భాగం మొదటిదే. అసలు పరీక్ష, అసలు జీవితం రెండోది అడుగుతాయి. ఏ ఎంపికనైనా చూసేటప్పుడు "దీంట్లో నేను స్వయంగా వాక్యం కట్టేది రోజుకు ఎన్నిసార్లు?" అని లెక్కపెట్టండి.

*తప్పు ఎవరు దిద్దుతారు.* వినడం, చదవడం సొంతంగా సాధించవచ్చు, జవాబుల పట్టిక వెనకాలే ఉంటుంది. రాసింది, పలికింది దిద్దేందుకు ఇంకొకరు కావాలి. అది మనిషి కావచ్చు, యంత్రం కావచ్చు.

*ఏ భాష మీదుగా వెళ్తున్నారు.* దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ తెలుగువాళ్లకు ఇక్కడే చాలా లాభం ఉంది. కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

ఇంగ్లిష్ మీదుగా పోతే పోగొట్టుకునేవి

జర్మన్ కోర్సుల్లో చాలావరకు ఇంగ్లిష్‌లో వివరిస్తాయి. ఆ వివరణ చదవండి, తప్పులేదు. వాక్యాన్ని మాత్రం తెలుగుతో పోల్చి చూడండి.

"నాకు ఇల్లు నచ్చింది" అనడానికి జర్మన్‌లో "మియా గెఫెల్ట్ డాస్ హౌస్." మియా అంటే "నాకు". ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాడికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. మనకు మన కట్టే. "నాకు చలిగా ఉంది" అంటే "మియా ఇస్ట్ కల్ట్." ఇంగ్లిష్ ధోరణిలో "ఇష్ బిన్ కల్ట్" అంటే నేను మనసు లేనివాణ్ణి అన్నట్టు వినిపిస్తుంది. "నీకు సాయం చేస్తాను": ఇష్ హెల్ఫె డియా. "నిన్ను అడుగుతాను": ఇష్ ఫ్రాగె డిష్. డియా అంటే నీకు, డిష్ అంటే నిన్ను. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే మాట కాబట్టి ఏది ఎక్కడో బట్టీ పట్టాలి. మనకు కు, ను తేడా చిన్నప్పుడే వచ్చేసింది. అన్నిచోట్లా కలవదు: "నీకు ఫోన్ చేస్తాను" దగ్గర జర్మన్‌లో డియా రాదు, "ఇష్ రూఫె డిష్ ఆన్" అంటారు. ఇలా కలవనివాటిని మాత్రం ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు.

డూ, జీ అంటే నువ్వు, మీరు. ఇంగ్లిష్ మీదుగా నడిచే యాప్‌లో రెండూ ఒకే మాటగా కనిపిస్తాయి, ఏది కొట్టినా చాలాసార్లు ఒప్పుకుంటుంది. ఆ అలవాటుతో ఆఫీసు కౌంటర్లో డూ అన్నారంటే పెద్దాయన్ని నువ్వు అన్నట్టే. "ఎందుకంటే" వాక్యాల్లో (వైల్ తర్వాత) క్రియ చివరికి పోతుంది: "వైల్ ఇష్ తెలుగు ష్ప్రెషె." మన వాక్యంలో క్రియ ఎప్పుడూ ఉండే చోటే. కష్టపెట్టేది మామూలు వాక్యం. అందులో క్రియ రెండో చోటే ఉండాలి. "ఇవాళ హైదరాబాద్ వెళ్తున్నాను" అంటే "హాయిటె ఫారె ఇష్ నాఖ్ హైదరాబాద్." హాయిటె (ఇవాళ) అనగానే ఇష్ (నేను) అనేస్తాం, ఫారె (వెళ్తున్నాను) వెనక్కి పోతుంది. ఏ1 రాతల్లో తెలుగువాళ్లు ఎక్కువగా చేసే తప్పుల్లో ఇదొకటి.

అంకెల్లో 21ని "ఐన్-ఉంట్-ట్స్వాన్‌ట్సిష్", అంటే ఒకటీ-ఇరవై అంటారు. ఏకవింశతి గుర్తు తెచ్చుకోండి. పరీక్షలో ఫోన్ నంబరు, ధర వినేటప్పుడు 34ని 43గా రాసేది ఇక్కడే.

ఉచ్చారణకు కూడా తెలుగు సాయపడుతుంది. జర్మన్ జెడ్ అక్షరాన్ని "చలి", "చాలు"లో పలికే దంత్య చకారంలా పలకాలి. ఇంగ్లిష్ చదివినవాళ్లు అలవాటుగా జ అనేస్తారు. మనకు లేనివి రెండు: ఉ అనేలా పెదవులు చుట్టి లోపల ఈ అనడం, ఓ అనేలా చుట్టి లోపల ఏ అనడం. రెండో ధ్వని లేకపోతే "అందమైన" అనబోయి "అప్పుడే" అన్నట్టవుతుంది. మాట చివరి గ, డ, బలు క, ట, పలుగా మారతాయి: రోజును టాక్ అంటారు, కుక్కను హుంట్ అంటారు. మన అలవాటుకొద్దీ చివర చిన్న ఉకారం తగిలించి హుంటు అనకండి.

ఎంపికలు ఒక్కొక్కటిగా

*డుయోలింగో.* రోజూ తెరిపించడంలో దీన్ని మించింది లేదు. మొదటి 300, 400 మాటలు చూడగానే గుర్తుపట్టేలా చేస్తుంది. తర్వాత ఇబ్బంది మొదలవుతుంది. వివరణ తక్కువ, అందుకే పుంలింగ మాట ముందు వచ్చే డేర్ ఎక్కడ డేన్ అయిందో, డేన్ ఎక్కడ డేమ్ అయిందో ఊహించుకుంటూ పోతారు. ఉచిత వెర్షన్‌లో ప్రకటనలు, మధ్యలో ఆపే పరిమితులు ఉంటాయి. జర్మన్ అంటే భయం పోగొట్టుకోవడానికి మొదటి మూడు వారాలు వాడి, తర్వాత బస్సులో ఖాళీ దొరికినప్పుడు తెరిచేదిగా ఉంచుకోవచ్చు. దీన్నే కోర్సుగా పెట్టుకుని పరీక్షకు వెళ్లకూడదు.

*డాయిషె వెల్లె: నీకోస్ వేక్.* జర్మనీ అంతర్జాతీయ ప్రసార సంస్థ ఉచితంగా ఇస్తున్న వీడియో కోర్సు. ఏ1, ఏ2, బీ1 మూడు స్థాయిల్లో ఉంది. విమానం దిగి సంచీ పోగొట్టుకున్న నీకో అనే కుర్రవాడి కథ. ఒక్కో పాఠానికి చిన్న వీడియో, తర్వాత అభ్యాసాలు, మాటల పట్టిక, వ్యాకరణం. డబ్బు పెట్టకుండా వరుస కావాలంటే మొదట చూడాల్సింది ఇదే. దీంతో జరిగే పొరపాటు ఒకటే. ఒక్కో స్థాయి మొత్తం సినిమాలా యూట్యూబ్‌లో దొరుకుతుంది కాబట్టి అది చూసేసి కోర్సు అయిపోయిందనుకుంటారు. అభ్యాసాలు చేయని పాఠం చేసినట్టు కాదు. పద్ధతి: వీడియో ఒకసారి అక్షరాలు లేకుండా, ఒకసారి జర్మన్ అక్షరాలతో, తర్వాత అభ్యాసాలు, చివర నాలుగు వాక్యాలు పైకి అనడం. పాఠానికి 35, 40 నిమిషాలు. లోపం: మీరు రాసింది చూసేవాళ్లు ఉండరు.

*ఫోక్స్‌హోఖ్‌షూలె లెర్న్‌పోర్టల్.* జర్మనీ వయోజన విద్యా కేంద్రాల సంఘం నడిపే ఉచిత వేదిక. ఇదీ ఏ1 నుంచి వరుసగా నడుస్తుంది, రాత అభ్యాసాలను ఆన్‌లైన్ ట్యూటర్లు దిద్దిపెడతారు. ఉచితంగా మనిషి చేత దిద్దించుకునే అవకాశం ఇంత తేలిగ్గా దొరకడం అరుదు, అయినా మన దగ్గర దీని పేరు తెలిసినవాళ్లు తక్కువ. చూడటానికి ప్రభుత్వ వెబ్‌సైట్‌లా ఉంటుంది, సరదా ఉండదు. పైగా ఉదాహరణలన్నీ జర్మనీలో ఉంటున్నవాళ్ల చుట్టూ తిరుగుతాయి. వెళ్లబోయేవాళ్లకు అది మంచిదే.

*బాబెల్, బుసూ.* బాబెల్ బెర్లిన్ సంస్థ, చందా కట్టాలి. వ్యాకరణం చిన్న చిన్న ముక్కలుగా, డుయోలింగో కంటే స్పష్టంగా చెబుతుంది. తెలుగు నుంచి లేదు. బుసూలో మీరు రాసింది, పలికింది ఆ భాష మాట్లాడే సభ్యులు దిద్దుతారు. బాగుంటుంది గానీ దిద్దేవాళ్లు టీచర్లు కారు, "ఇలా అనం" అంటారు, ఎందుకో చెప్పరు. ఉచిత కోర్సులు రెండుండగా వీటికి డబ్బు పెట్టాలా? పెద్ద వీడియోలకు ఓపిక లేక, రోజుకు రెండు పావుగంటలు దొరికే ఉద్యోగులకు బాబెల్ సరిపోతుంది. మిగతావాళ్లు ఆ డబ్బు ట్యూటర్‌కు దాచుకోవడం మేలు.

*పుస్తకం.* మన దగ్గర క్లాసుల్లో ఎక్కువగా కనిపించేది నెట్‌వెర్క్ నోయ్. ఇండియా ముద్రణ దొరుకుతుంది. ఏ1లో 12 అధ్యాయాలు, పాఠాల పుస్తకం వేరు, అభ్యాసాల పుస్తకం వేరు. రెండోది కొనకపోతే మొదటిది కొన్నా దండగే. ఇలాంటి పుస్తకాలు టీచర్ ఉంటారనుకుని రాసినవి. వివరణ జర్మన్‌లోనే ఉంటుంది, "పక్కవారితో మాట్లాడండి" అని ఉంటుంది, పక్కన ఎవరూ ఉండరు. ఒంటరిగా చదివేవాళ్లు దీనికి తోడు ఇంగ్లిష్‌లో వివరించే వ్యాకరణ అభ్యాస పుస్తకం ఒకటి పెట్టుకోవాలి. పీడీఎఫ్ మీద చదివితే అభ్యాసాలు రాయరు. పెన్ను పట్టాలంటే కాగితం కావాలి.

*ఆంకి.* ఇది కోర్సు కాదు, మాటలు మరిచిపోకుండా కాపాడే యంత్రం. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్ యాప్‌కు ఒకసారి డబ్బు కట్టాలి. గోథె ఏ1 పట్టికలో సుమారు 650 మాటలు, బీ1లో సుమారు 2400. రోజుకు 10 కొత్తవి వేసుకుంటే ఏ1 పట్టిక 65 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది.

ఆంకి వదిలేసినవాళ్లంతా దాదాపు ఒకేలా వదిలేస్తారు. మొదట్లో యాప్ రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తుంది, తేలిగ్గా ఉందని కానిస్తారు. కొత్త కార్డుల సంఖ్యకు ఏడు నుంచి పది రెట్లు పాత కార్డులు రోజూ తిరిగొస్తాయన్నది అలవాటైనవాళ్ల అంచనా. మూడో వారానికి రోజుకు 150 దాటుతాయి, ఒక పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు మానేస్తే 600 పేరుకుంటాయి, ఇక తెరవరు. అందుకని కొత్తవి 10కి తగ్గించండి. పేరుకుపోతే కొత్తవి 0కి పెట్టి పాతవి తీరేదాకా ఆగండి. గుర్తు రానప్పుడు "మళ్లీ" బొత్తం నొక్కాలి. మొహమాటానికి "కష్టం" నొక్కితే, గుర్తొచ్చిందనే యాప్ లెక్కవేసి ఆ కార్డును దూరం జరుపుతుంది.

కార్డు ఎలా ఉండాలంటే: ముందు వైపు తెలుగు మాట గానీ బొమ్మ గానీ, వెనక వైపు లింగసూచకంతో సహా జర్మన్ మాట, బహువచనం, ఒక చిన్న వాక్యం. మాటను ఒంటరిగా నేర్చుకోవద్దు. చెంచా డేర్ లోఫెల్, ఫోర్కు డీ గాబెల్, చాకు డాస్ మెసర్. ఒకే కంచం పక్కన మూడు లింగాలు, తర్కం వెతికితే దొరకదు. కొన్ని చివరలు మాత్రం నమ్మకమైనవి: ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్‌తో ముగిస్తే డీ. షెన్‌తో ముగిస్తే డాస్, అమ్మాయి అనే మాట "మేట్‌షెన్" అయినా సరే. "అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది" అని ఒకే క్రియ వాడే మనం దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు.

*పిమ్స్‌లర్.* విని, ఆగి, పైకి చెప్పే ఆడియో కోర్సు. ఒక్కో స్థాయిలో 30 పాఠాలు, పాఠానికి 30 నిమిషాలు. చందా ఉంటుంది. రోజూ గంట బండి నడిపేవాళ్లకు, నోరు విప్పడానికి జంకేవాళ్లకు మంచిది. రాయడం, వ్యాకరణం దాదాపు రావు.

*చాట్‌బాట్.* రాసింది దిద్దడంలో ఇవి నిజంగా ఉపయోగం. అయితే "ఇది సరిచేయి" అంటే మీ ఏ1 ఉత్తరాన్ని బీ2 ఉత్తరంగా మార్చి ఇస్తాయి, చదివి మురిసిపోవడం తప్ప ఏమీ రాదు. ఇలా అడగండి: "నేను ఏ1 విద్యార్థిని. తిరగరాయకు. తప్పున్న వాక్యం చూపించి, తప్పు ఏ రకమో తెలుగులో ఒక్క ముక్కలో చెప్పు. నేను సరిచేశాక మళ్లీ చూడు." కారణాలు అప్పుడప్పుడు తప్పు చెబుతాయి. లింగం, బహువచనం విషయంలో డూడెన్ నిఘంటువుదే ఆఖరి మాట. గొంతుతో మాట్లాడించే సౌకర్యం అలవాటుకు బాగుంటుంది గానీ మీ ఉచ్చారణ ఎంత పాడుగా ఉన్నా అర్థం చేసేసుకుంటుంది. కౌంటర్లో మనిషి అలా చేసుకోడు.

*ట్యూటర్, మాటల మార్పిడి, క్లాసు.* ఐటాకీ, ప్రెప్లీ లాంటి చోట్ల ట్యూటర్లు గంట లెక్కన, కొందరు అరగంట లెక్కన దొరుకుతారు. మొదటి రోజు నుంచే అవసరం లేదు. "నేను, నా ఇల్లు, నా పని" అని రెండు నిమిషాలు చెప్పగలిగాక, అంటే ఐదారు వారాలకు మొదలుపెట్టండి. పదిహేను రోజులకొక అరగంట చాలు. పాఠం చెప్పించుకోవద్దు. మీరు మాట్లాడండి, ఆయన తప్పులు చాట్‌లో రాస్తారు, అవే ఆంకి కార్డులవుతాయి. ఒకరి భాష ఒకరు నేర్పుకునే టాండెం, హలోటాక్ యాప్‌లు ఉచితమే. కానీ జర్మన్‌వాళ్లలో తెలుగు కావాలనేవాళ్లు అరుదు, కాబట్టి మీ ఇంగ్లిష్‌తో మార్పిడి చేసుకోవాలి, సగం సమయం దానికే పోతుంది. ఆడపిల్లలకు అక్కర్లేని సందేశాలు వస్తాయి. వయసు, ఊరు కనిపించకుండా పెట్టుకుని, పరిచయ సందేశంలోనే పరీక్ష తేదీ రాస్తే కొంత తగ్గుతాయి.

క్లాసు విషయానికొస్తే, హైదరాబాద్‌లో గోథె సెంట్రమ్ ఉంది, చెన్నై, బెంగళూరుల్లో మాక్స్ ముల్లర్ భవన్‌లు ఉన్నాయి. ప్రైవేటు కోచింగ్‌లో చేరేముందు మూడు అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది, మొత్తం ఎన్ని పాఠ్య గంటలు, వారానికి ఎన్ని రాతలు దిద్దుతారు. మూడో ప్రశ్నకు జవాబు నసిగితే అక్కడ జరిగేది మీరు ఇంట్లో ఉచితంగా చేసుకోగలిగిందే.

| ఎంపిక | కోర్సుగా పనికొస్తుందా | సొంతంగా వాక్యం కట్టడం | దిద్దేవారు | ఖర్చు |
|---|---|---|---|---|
| డుయోలింగో | లేదు | తక్కువ | యాప్ | ఉచితం, చందా కూడా ఉంది |
| నీకోస్ వేక్ | అవును, బీ1 వరకు | మధ్యస్థం | లేరు | ఉచితం |
| ఫోక్స్‌హోఖ్‌షూలె | అవును | ఎక్కువ | ట్యూటర్లు | ఉచితం |
| బాబెల్ | ఫర్వాలేదు | మధ్యస్థం | యాప్ | చందా |
| పుస్తకం జత | అవును | ఎక్కువ, మీరు రాస్తే | జవాబుల పట్టిక | ఒకసారి |
| ఆంకి | లేదు | కార్డును బట్టి | మీరే | ఐఫోన్‌లో తప్ప ఉచితం |
| పిమ్స్‌లర్ | మాట్లాడటానికే | ఎక్కువ, నోటితో | లేరు | చందా |
| చాట్‌బాట్ | లేదు | ఎక్కువ | యంత్రం | ఉచితంగా సరిపోతుంది |
| ట్యూటర్ | ఖరీదు | చాలా ఎక్కువ | మనిషి | గంట లెక్క |

ఎవరికి ఏది

*నాలుగు నెలల్లో ఏ1 పరీక్ష, ఇంట్లో పనులు, విడిగా కూర్చునే సమయం తక్కువ.* రోజుకు గంట తీయగలిగితే చాలు. కోర్సుగా నీకోస్ వేక్ గానీ ఫోక్స్‌హోఖ్‌షూలె గానీ ఒక్కటి, ఉదయం 40 నిమిషాలు. ఆంకి 20 నిమిషాలు, రెండు ముక్కలుగా. పదో వారం నుంచి కొత్త పాఠాలు తగ్గించి గోథె వెబ్‌సైట్‌లోని ఉచిత నమూనా పరీక్షలకు రండి.

పరీక్ష రూపం తెలిస్తే ఎక్కడ డబ్బు పెట్టాలో తెలుస్తుంది. వినడం సుమారు 20 నిమిషాలు. మొదటి, మూడో భాగాలు రెండుసార్లు వినిపిస్తారు, రెండోది ఒక్కసారే. చదవడం 25 నిమిషాలు, రాయడం 20. రాతలో ఒక ఫారం నింపాలి, సుమారు 30 మాటల ఉత్తరంలో ఇచ్చిన మూడు విషయాలూ రావాలి. ఒక విషయం వదిలేస్తే భాష ఎంత బాగున్నా మార్కు పోతుంది. మాట్లాడటం బృందంగా, సుమారు 15 నిమిషాలు: పరిచయం, కార్డు మీది మాటతో ప్రశ్న అడగడం, ఒక విన్నపం. పరిచయంలో పేరు అక్షరాలు విడగొట్టి చెప్పమంటారు, ఒక నంబరు చెప్పమంటారు. మన ఇంటిపేర్లు పొడుగు, ముందే పాతిక సార్లు చెప్పి చూసుకోండి. మొత్తం మీద 60 శాతం వస్తే చాలు, ఒక భాగంలో తగ్గినా మరోదాంట్లో పూడుతుంది. కాబట్టి ఈ వర్గం వాళ్లు ట్యూటర్‌కు పెట్టే డబ్బంతా చివరి నాలుగు వారాల్లో మాట్లాడే భాగానికే పెట్టడం మంచిది.

*ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు.* వీసా, బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించే ఖాతా) హడావుడి మొదలయ్యాక ఎవరూ చదవరు. అడ్మిషన్ దరఖాస్తుకూ విమానానికీ మధ్య ఉన్న నెలల్లో మొదటి సగమే మీ చేతిలో ఉన్నది. ఏ1 పూర్తి, ఏ2 సగం లక్ష్యం పెట్టుకోండి. సర్టిఫికెట్ అక్కర్లేకపోతే పరీక్ష ఫీజు మిగిల్చి ఆ డబ్బుతో ట్యూటర్‌తో ఇల్లు అద్దెకు అడగడం, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఫోన్ చేయడం నాటకంలా ఆడి చూడండి. వెళ్లాక యూనివర్సిటీల్లో భాషా కోర్సులు దొరుకుతాయి, సున్నా బ్యాచ్‌లో కూర్చోకుండా పై బ్యాచ్‌లో చేరవచ్చు.

*నర్సులు, బీ2 కావలసినవాళ్లు.* ఇక్కడ యాప్‌ల పోలికకు అర్థమే లేదు. 600 నుంచి 800 పాఠ్య గంటలంటే 450 నుంచి 600 గడియారం గంటలు, రోజుకు రెండు గంటల చొప్పున ఎనిమిది నుంచి పది నెలలు, ఒక్క రోజూ మానకపోతే. రాత్రి డ్యూటీలతో అది కుదరదు. ఏ2 వరకు సొంతంగా వెళ్లి, బీ1 నుంచి క్లాసులో చేరడం డబ్బు కలిసొచ్చే దారి. అయితే కొన్ని క్లాసులు తమ దగ్గర ఏ1 చేయనివాళ్లను ప్రవేశ పరీక్ష లేకుండా తీసుకోవు, ముందే కనుక్కోండి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులను జర్మనీకి పంపే కార్యక్రమాల్లో భాషా శిక్షణ కూడా ఇప్పిస్తుంది. ఏజెంటుకు డబ్బు కట్టేముందు అక్కడ అడగడం తెలివైన పని. బీ1, బీ2 గోథె పరీక్షలు నాలుగు విడి భాగాలు, ఒక్కోదాంట్లో 60 శాతం రావాలి. తప్పిన భాగమే మళ్లీ రాయవచ్చు.

*ఉద్యోగం చేస్తూ, తొందర లేనివాళ్లు.* ఛాన్సెన్‌కార్టెకు పాయింట్లు కావాలన్నా, ఊరికే ఇష్టంతో అయినా, మీకు అసలు శత్రువు ఆఫీసులో రిలీజ్ వారం. రోజూ అని పెట్టుకోకండి. వారంలో నాలుగు రోజులు, శనివారం గంటన్నర అని పెట్టుకోండి. దారిలో పిమ్స్‌లర్ గానీ పాఠం ఆడియో గానీ, శనివారం రాత, దాన్ని చాట్‌బాట్‌తో దిద్దుకోవడం. ఏ2 దాటాక డాయిషె వెల్లె వాళ్లు మెల్లగా చదివే వార్తలు మొదలుపెట్టవచ్చు. బీ1 రాకుండా వాటిలో సగం అర్థం కాకపోవడం మామూలే.

*ఇప్పటికే జర్మనీలో ఉన్నవాళ్లు.* ఊళ్లోని ఫోక్స్‌హోఖ్‌షూలె క్లాసు ముందు చూడండి. అర్హత ఉన్నవాళ్లకు ఇంటెగ్రేషన్ కోర్సులో 600 పాఠ్య గంటల భాష, 100 గంటల పౌర పరిచయం ఉంటాయి. మీకు యాప్‌తో పని తక్కువ. తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగే ప్రశ్నల్లో వారానికి రెండు బేకరీలోనో ఫోన్లోనో జర్మన్‌లో అడగడంతో పని ఎక్కువ.

మధ్యలో ఆగిపోతే

ఏడు, ఎనిమిది వారాల దగ్గర చాలామంది ఆగుతారు. అక్కడే డేన్, డేమ్ విభక్తులూ "రూఫె ... ఆన్" లాంటి విడిపోయే క్రియలూ ఒకేసారి వస్తాయి. అప్పుడు యాప్ మార్చాలనిపిస్తుంది. మార్చినచోట మళ్లీ "నా పేరు ఫలానా" నుంచి మొదలు కాబట్టి తేలిగ్గా ఉంటుంది, అందుకే హాయిగా ఉంటుంది. మార్చకండి. ఆ వారం కొత్త పాఠం ఆపి, వెనకటి ఆరు పాఠాల వాక్యాలు ఇరవై తీసి, తెలుగు చూసి జర్మన్‌లో పెన్నుతో రాయండి. పదిహేను సరిగ్గా వస్తే ముందుకెళ్లండి. రాకపోతే, ఏవి తప్పాయో ఆ పాఠాలే మళ్లీ చేయండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటి చాలామంది చివరికి వదిలేస్తారు: పరీక్ష సీటు. మన దగ్గర గోథె పరీక్ష తేదీలు తెరిచిన కొద్దిసేపట్లోనే నిండిపోతుంటాయి. కోర్సు సగానికి వచ్చేసరికి ఖాతా తెరిచి, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, ఇంటిపేరు ఏ గడిలో ఉంటే ఆ గడిలోనే, పేరు నింపి సిద్ధంగా ఉంచుకోండి. సర్టిఫికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌తో కలవకపోతే ఆ తంటా వీసా కౌంటర్లో మొదలవుతుంది.